రెండో బ్రేకు

“ఆ బ్రేకు ఇప్పుడు లేదు,” అన్నాడు భర్త, కిటికీ చువ్వలకేసి చూస్తూ.

ఆమె ఆస్పత్రి నుంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తురు పరీక్షల గదిలో వేసుకునే తెల్లకోటు ఇంకా ఒంటిమీదే ఉంది. ఒక చేతి గ్లౌజు తీసింది గానీ రెండోది మరిచిపోయింది.

“లేదంటే?”

“తీయించేశాను. మొన్న కారు కడిగించడానికి షెడ్డుకి తీసుకెళ్ళాను చూడు, అప్పుడు.”

“మామయ్యగారికి తెలుసా?”

అతను కిటికీ వదలలేదు.

“మిమ్మల్నేనండీ అడుగుతున్నది. మామయ్యగారికి తెలుసా, తెలియదా?”

“చెబుదామనే అనుకున్నాను.”

“ఎప్పుడు? కారు అమ్ముడుపోయాకా?”

వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ అత్తయ్య ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసింది. “ఏ బ్రేకురా? ఉన్నదున్నట్టు చెప్పి చావు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.”

“నాన్న కాళ్ళ దగ్గరుండే బ్రేకమ్మా. పక్కసీటు బ్రేకు.”

అత్తయ్య ఉన్నచోటే చతికిలబడింది.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. కారు కొంటానని వచ్చిన మనిషి, “ఒక్క రౌండు కొట్టి పది నిమిషాల్లో వచ్చేస్తాం” అని మామయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళి గంట దాటింది. అతని ఫోను పలకడం లేదు. మామయ్యగారి ఫోను మాత్రం బాగానే పలుకుతోంది, టీవీ పక్కనుంచి.

ఇంతవరకూ ఆ ఇంట్లో అందరికీ ఒకటే ధైర్యం. వాడెవడైనా, బండిని ఎటు తిప్పినా, పక్కన కూర్చున్నది మాస్టారు. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆ కారు డ్రైవింగ్ స్కూలు కారు. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆపడానికి పక్కసీటు ముందు ఆయనకంటూ ఒక బ్రేకు. ఆయన కాలు దానిమీద పడిందంటే, స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా బండి నిలబడాల్సిందే.

ఇప్పుడక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు.

“ఎందుకు చేశారీ పని?” ఆమె గొంతు హఠాత్తుగా తగ్గింది. గొంతు పెంచినప్పటికంటే తగ్గించినప్పుడే ఆమెను చూసి అతనికి భయం.

“డ్రైవింగ్ స్కూలు కారంటే ఎవడూ మొహం కూడా చూడట్లేదు. ‘వందమంది తొక్కిన క్లచ్చు మాకొద్దండీ’ అని ఫోనే పెట్టేస్తున్నారు. ఆ బ్రేకు కనపడకపోతే ఇంటి కారులా ఉంటుంది కదా అని...”

“పైన బోర్డు బిగించిన చిల్లులున్నాయి. వాటినేం చేశారు?”

“లప్పం పెట్టించి రంగు వేయించాను.”

“బాగుంది. మనల్ని ఎవరు మోసం చేస్తారోనని నేను చీటీలు రాసి అంటించుకుంటుంటే, మీరేమో కొనేవాళ్ళ కళ్ళకి గంతలు కడుతున్నారన్నమాట.”

“నాకోసం చేశానా? నీ ల్యాబు కోసమే కదా!”

ఆ మాట అన్నాక అతనికే తల కొట్టేసినట్టయింది. ఆమె మిగిలిన గ్లౌజు తీసి, మడతపెట్టి, కోటు జేబులో పెట్టుకుంది. 

నిజమే. కారు అమ్మాలన్న మాట మొదట వచ్చింది మామయ్యగారి నోటి నుంచే. “నా కళ్ళకి మసకలొచ్చాయి. బండి ఎండకి మాడి చస్తోంది. అమ్మేసి ఆ డబ్బుతో అమ్మాయి సొంతంగా ఒక గదిలో ల్యాబు పెట్టుకోనీండి. ఎన్నాళ్ళని ఇంకొకళ్ళ సీసాలకి చీటీలు అంటిస్తుంది?” అన్నాడు. కొడుకు, భార్య, కోడలు ముగ్గురూ వద్దన్నా వినలేదు. ఆ రాత్రి ఆమెకి చాలాసేపు నిద్రపట్టలేదు. పుట్టింట్లో కూడా ఆమె కోసం ఎవరూ దేన్నీ అమ్మలేదు.

ఆమెకి ఆ కారు ఈ ఇంటికంటే ముందే తెలుసు. పెళ్ళికి ముందు ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చింది. సీటు మీద చిన్న దిండు వేసుకుని కూర్చుంటే గానీ రోడ్డు కనపడేది కాదు. పన్నెండో రోజున భయంతో చెమటలు కక్కుతూ వంతెన దాటించింది. “మీ కాలు దానిమీదే ఉంచండి మాస్టారూ, తియ్యకండి,” అని దారంతా బతిమాలింది. అవతలికి చేరాక ఆయన రెండు కాళ్ళూ పైకెత్తి సీటు మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. “నేను దాన్ని ముట్టుకుని నాలుగు రోజులైందమ్మా. బండి నడుపుతున్నది నువ్వే,” అన్నాడు.

ఆ కాళ్ళే ఇప్పుడు ఖాళీ నేలని తడుముకుంటున్నాయేమో.

“అత్తయ్యా,” అంది ఆమె, పక్కన కూర్చుని. “ఒక్కసారి మొదట్నుంచీ చెప్పండి. ఐదింటికి రావాల్సినవాడు మూడింటికి ఎందుకొచ్చాడు?”

“ఇటువైపు పనిమీద వచ్చానమ్మా, పనిలో పనిగా చూసిపోతానన్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ నలగలేదు. ‘అమ్మా, అమ్మా’ అంటూ ఎంత మర్యాదగా మాట్లాడాడో. మా వాడు నన్ను అన్నిసార్లు అమ్మా అని పిలిచి ఎన్నేళ్ళయిందో!”

“అమ్మా!” అన్నాడు కొడుకు.

“ఇప్పుడు పిలుస్తావులే.”

“ఏమేం అడిగాడు?”

“ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. చెప్పాను. పెద్దాయనే చూపిస్తారా అన్నాడు. ఆయన కళ్ళకి శుక్లాలు, ఇప్పుడు తోలట్లేదు, పక్కన కూర్చుంటారంతే అన్నాను. ఇంకెవరైనా బేరానికొచ్చారా అన్నాడు. మందుల షాపాయన వచ్చాడు, రేపు పదింటికి బ్యాంకు దగ్గర కలుద్దామన్నాడు, మేమంతా వెళ్తున్నాం అన్నాను. ‘అయితే ఇవాళే తేల్చుకోవాలి నేను, ఆయనకంటే ఎక్కువిస్తాను’ అని నవ్వాడు. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. ఇంతే. ఇంతకంటే ఏమీ చెప్పలేదు.”

“ఇంక చెప్పడానికేం మిగిలిందమ్మా?” అన్నాడు కొడుకు.

“నోర్ముయ్. నువ్వు బ్రేకు పీకించిన సంగతి మాత్రం చెప్పలేదులే, నాకు తెలియదు కాబట్టి.”

ఆమె కళ్ళు ఫ్రిజ్ మీదికి పోయాయి. మందుల షాపాయన ఆదివారం కారు చూడ్డానికొచ్చి, బేరం కంటే జాగ్రత్తలే ఎక్కువ చెప్పిపోయాడు. కొనడానికొచ్చినవాడు అమ్మేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం ఆమెకి వింతగా తోచింది. అయినా కాగితం మీద రాసి అంటించింది. ఎవరినీ ఇంటికి రమ్మనకండి, పదిమంది తిరిగేచోట పగటిపూట చూపించండి. లైసెన్సు చేతికి తీసుకుని, బొమ్మనీ మనిషినీ పోల్చి చూశాకే తాళం. అసలు కాగితాలు ఇవ్వకండి, నకళ్ళు చాలు. డబ్బు బ్యాంకులో పడ్డాకే సంతకం.

అది చూసి భర్త ఆరోజు నవ్వాడు. “మందులాయన కదా, అలవాటు పోలేదు. ఇవి భోజనానికి ముందా, తర్వాతా?”

ఇప్పుడు ఆ కాగితాన్ని అతనూ చూస్తున్నాడు. నవ్వు రావడం లేదు.

“పోలీస్ స్టేషనుకి ఫోన్ చెయ్యండి,” అంది ఆమె.

“నేను స్కూటరు మీద ఒకసారి...”

“స్కూటరు మీద ఎటువైపు వెళ్తారు? ఫోన్ చెయ్యండి ముందు.”

అతను చేశాడు. నంబరు చెప్పాడు, రంగు చెప్పాడు. “పాతదే సార్, కానీ బాగుంటుంది,” అని అలవాటుకొద్దీ అనబోయి ఆగాడు. కారులో ఎవరున్నారని అడిగినట్టున్నారు. “మా నాన్న సార్,” అన్నాడు.  ఆమె ఫోను అందుకుని మిగతావి చెప్పింది: వయసు డెబ్భై రెండు, నీలం చొక్కా, ఎడమకన్ను ఆపరేషన్ అయింది, కుడికన్ను కాలేదు.

ఫోను పెట్టేసరికి అత్తయ్య తనలో తాను అనుకుంటోంది: “చొక్కా బొత్తాం ఊడింది, కుట్టివ్వమన్నారు పొద్దున. సాయంత్రం చూద్దాంలెండి అన్నాను.”

 

అప్పుడు వీధిలో హారన్ మోగింది. రెండుసార్లు, పొట్టిగా. పీప్, పీప్.

ఊళ్ళో వేలమంది హారన్ కొడతారు. అలా కొట్టేవాళ్ళందరూ మాత్రం ఒక్కడి దగ్గరే నేర్చుకున్నారు.

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. కారు గేటు దగ్గర వెనక్కి తిరిగి, గోడకి జానెడు దూరంలో, గీత గీసినట్టు వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర ఖాకీ చొక్కాలో ఒక లావాటి ఆడమనిషి. పక్కసీట్లో మామయ్యగారు.

ఆయన తలుపు తీసుకుని దిగాడు. కొడుకుని ఎగాదిగా చూశాడు.

“ఒరేయ్, నా బ్రేకు ఏదిరా?”

అత్తయ్య ఏడుపూ నవ్వూ కాని ఒక శబ్దం చేసి ఆయన చెయ్యి పట్టుకుంది. వీధి మధ్యలో, అందరూ చూస్తుండగా. పెళ్ళయిన నలభై ఏడేళ్ళలో ఆవిడ ఆ పని చేసినట్టు ఎవరికీ గుర్తులేదు.

“ఏమీ కాలేదే. వదులు. వదలవే, అమ్మాయి చూస్తోంది.”

“చూడనివ్వండి!”

ఇంట్లోకి నడిపించుకొచ్చి కూర్చోబెట్టారు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. వేగంగా ఉంది గానీ తిన్నగానే కొట్టుకుంటోంది. చూడటం అయిపోయినా చెయ్యి వదలబుద్ధి కాలేదు.

“నెత్తురు తీస్తావా ఏంటమ్మా?” అన్నాడాయన.

“తీస్తే తీయించుకోండి. ఇంతసేపు మాకు లేకుండా చేశారు.”

ఖాకీ చొక్కా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. డిపో నుంచి కారు ఆవిడే తోలుకొచ్చింది. కుర్చీ ఇస్తే కూర్చోకుండా, “మాస్టారి ముందు కూర్చోవడం అలవాటు లేదండీ, స్టీరింగు ఉంటే తప్ప,” అంది.

“ఏం జరిగింది నాన్నా?” కొడుకు అడిగాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, తప్పు చేసి బడి బయట నిలబడ్డవాడిలా.

మామయ్యగారు గ్లాసెడు నీళ్ళు తాగి మొదలుపెట్టాడు.

“సీట్లో కూర్చుని కాలు చాపాను. చదునుగా తగిలింది. ముందు నా కాలికే తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. చెప్పు అటూ ఇటూ ఆడించాను. ఏదీ? అప్పటికే వీధి చివర దాటిపోయాం.”

“దిగిపోవాల్సింది!” అంది అత్తయ్య.

“అరవైలో పోతున్న బండిలోంచి దిగమంటావుటే? మార్కెట్ దాటాక వెనక్కి తిప్పమన్నాను. ‘ఇంకొంచెం చూద్దాం పెద్దాయనా’ అన్నాడు. పెద్ద రోడ్డెక్కాడు. ఎవరికో ఫోన్ చేసి, ‘వచ్చేస్తున్నా, వంతెన అవతలే ఉండు, ఒక ముసలాడున్నాడు, దింపేద్దాం’ అన్నాడు. వాడి లెక్కలో నాకు కళ్ళతోపాటు చెవులు కూడా లేవు.”

అత్తయ్య పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అప్పుడు చెప్పాను. నాయనా, నీకు చెప్పడం మరిచాను, ఇది స్కూలు బండి. నా కాలి కింద ఇంకో బ్రేకుంది. నాకేమో గుండెదడ. భయమేస్తే కాలు దానంతటదే నొక్కేస్తుంది. వెనకాల లారీలొస్తున్నాయి, కాస్త నెమ్మదిగా పోనీ, అన్నాను.”

“మీకు గుండెదడ ఎప్పుడొచ్చింది?”

“మార్కెట్ దాటాక.”

బస్సు డ్రైవరమ్మ పకాలున నవ్వింది.

“వాడు నా కాళ్ళకేసి చూడబోయాడు. ‘రోడ్డు చూడు!’ అని ఒక్క కేక వేశాను. ఠక్కున రోడ్డు చూశాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ కేకకి రోడ్డు చూడనివాడు లేడు. ఇక అక్కణ్ణుంచి వాడు నా దగ్గర నేర్చుకోవడానికొచ్చినవాడే. ముప్ఫైలో పో అంటే ముప్ఫైలో పోయాడు. వంతెనకి ముందు ఎడమకి తిప్పు అన్నాను. తిప్పనన్నాడు. నా మోకాలు కాస్త పైకెత్తాను. తిప్పాడు.”

“అదే డిపో గేటండీ,” అంది డ్రైవరమ్మ, ఇక ఆపుకోలేక. “షిఫ్టు మారే టైము. ఇరవైమందిమి టీ తాగుతున్నాం. మాస్టారి కారు లోపలికొచ్చింది. నేనే అరిచాను, ‘మాస్టారొచ్చార్రోయ్’ అని. అందరం మీదపడ్డాం. నమస్కారాలు, పలకరింపులు. ఆ తెల్లచొక్కావాడు మెల్లగా దిగి, ఫోన్ చెవిన పెట్టుకుని, సిగ్నల్ అందనట్టు గేటుదాకా నడిచాడు. గేటు దాటాక చూడాలి మీరు, ఏం పరుగు! మాస్టారు అసలు సంగతి చెప్పేసరికి వాడు సందుల్లో కలిసిపోయాడు.”

“తాళం?”

“కారుకే ఉంది. ఇంజను కూడా ఆపలేదు వెధవ.”

“మరి ఇంతసేపు?” ఆమె అడిగింది. “ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా మామయ్యగారూ. డిపోలో ఇరవై ఫోన్లుంటాయి.”

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. “ఎవరి నంబరు గుర్తుందమ్మా నాకు? పైగా కాళ్ళు వణుకుతున్నాయి. వణుకు తగ్గేదాకా టీ తాగాను.”

“రెండు టీలు,” అంది డ్రైవరమ్మ.

ఆమె లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మాటలు వెతుక్కుంది. ఆస్పత్రిలో రోజూ పదిమంది తనకి చెప్పే మాటే, తన నోట ఎంతకీ రాలేదు.

“ఏంటండీ మీరు,” అంది డ్రైవరమ్మ ఇబ్బందిగా. “మూడుసార్లు తప్పాను నేను పరీక్ష. మా ఇంట్లోవాళ్ళే ఇక చాల్లే అన్నారు. నాలుగోసారి మాస్టారు పొద్దున్నే మా వాకిట్లోకొచ్చి హారన్ కొట్టారు, రెండుసార్లు. ఆ ఉద్యోగంతోనే ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. మీరు నాకు చెప్పడమేంటి?”

కొడుకు లోపలికెళ్ళి ఒక పొట్లం తెచ్చాడు. తను పనిచేసే ప్రెస్సులో అచ్చుతప్పులతో పాడైపోయిన కాగితాల్లో చుట్టి మంచం కింద దాచాడు. విప్పి తండ్రి ముందు పెట్టాడు. బ్రేకు పెడలు. పైన రబ్బరు అరిగి, నడుమ నున్నగా గుంటపడి ఉంది, సరిగ్గా ఒక బొటనవేలు పట్టేంత.

మామయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు బొటనవేలితో ఆ గుంటని రాస్తూ కూర్చున్నాడు.

“తిట్టండి నాన్నా.”

ఆయన తిట్టలేదు. అది మరీ కష్టంగా ఉంది అందరికీ.

“ఇది గనక ఉండుంటే,” అన్నాడు చివరికి, “వాడా ఫోన్ చేసిన క్షణంలోనే నొక్కేసేవాణ్ణి. ఆలోచించేవాణ్ణి కాదు. వెనక లారీ ఉంది. బ్రేకు లేదు కాబట్టి నోరు వాడాల్సొచ్చింది.”

కొడుకు తలెత్తాడు.

“అలాగని మంచిపని చేశావనుకోకు. రేపు షెడ్డుకెళ్ళి మళ్ళీ బిగించు. ఇది స్కూలు కారని తెలిసి తీసుకునేవాడికే అమ్ముదాం. మందులాయన తెలిసే అడిగాడు.”

“బిగిస్తాను నాన్నా.”

“అమ్మాయికి కూడా చెప్పు.”

అతను ఆమెకేసి తిరిగాడు. “తప్పయిపోయింది,” అన్నాడు. ఆమె తలూపింది. ఇంకా కొంచెం కోపం మిగిలే ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆ క్షణాన ఆమెకి తెలియలేదు. ఇంట్లో నలుగురూ ఉన్నారు. కుర్చీలో మామయ్యగారు ఉన్నారు. అంతకంటే ఆ సాయంత్రం ఆమెకేమీ అక్కర్లేదనిపించింది.

“అన్నట్టు,” అన్నాడాయన చొక్కా జేబు తడుముకుంటూ. “వాడి లైసెన్సు నా దగ్గరే ఉండిపోయింది. అలవాటు కదా, తాళమిచ్చే ముందు తీసుకుని జేబులో పెట్టుకున్నాను.”

ఎవరు బండెక్కినా, ముందు లైసెన్సు ఆయన జేబులోకి, తర్వాత తాళం వాళ్ళ చేతికి. పాఠం అయ్యాకే తిరిగివ్వడం. ఆమె లైసెన్సు కూడా ఆ జేబులో చాలా రోజులే ఉంది.

ఆమె దాన్ని అందుకుంది. ఆస్పత్రిలో పేరు రెండుసార్లు అడగందే సూది ముట్టుకోదు. ఇక్కడా అలాగే ముందు పేరు చదివింది, తర్వాత బొమ్మ చూసింది. మళ్ళీ పేరు చదివింది.

“అత్తయ్యా, వచ్చినవాడికి బట్టతలా?”

“ఛ, ఛ. ఒత్తయిన జుట్టు. పాపిడి కూడా కనపడదు.”

“మామయ్యగారూ, మీరు బొమ్మ చూశారా?”

“చూశానమ్మా. చూశానంటే... బొమ్మ ఉందా లేదా అని చూశాను. మసక కదా.”

ఆమె లైసెన్సు భర్త చేతికిచ్చింది. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“ఇది మందుల షాపాయన!”

ఆదివారం ఈ ఇంట్లోనే కూర్చుని, చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని, ఒక్కొక్క జాగ్రత్తా నొక్కి నొక్కి చెప్పిన మనిషి.

“అంటే ఇద్దరూ ఒకటేనా?” అంది అత్తయ్య. “వీణ్ణి ఆయనే పంపించాడా?”

“తొందరపడకండి అత్తయ్యా.”

ఆమె ఫోన్ చేసింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. అవతల షాపులో ఎవరికో మందు ఎలా వేసుకోవాలో చెబుతున్న గొంతు, ఆమె రెండు ముక్కల్లో సంగతి చెప్పేసరికి ఆగిపోయింది.

“పెద్దాయన క్షేమమేనా?” అన్నాడు ముందుగా.

“క్షేమమేనండీ. ఇక్కడే ఉన్నారు.”

“అమ్మయ్య.” ఒక పొడుగాటి ఊపిరి వినపడింది. “నా కారు పోయి నాలుగు నెలలైందమ్మా. లైసెన్సు అందులోనే ఉండిపోయింది. ఆ తెల్లచొక్కావాడికే నా చేతులతో తాళమిచ్చాను. ఒక్క రౌండు కొట్టి వస్తానన్నాడు.”

“మాకు ఆరోజే చెప్పాల్సింది కదండీ.”

“ఎలా చెప్పమంటారు? డాక్టర్ల చీటీలో ఒక్క అక్షరం తప్పు చదవనని పేరున్నవాణ్ణి. కారు కొనేవాడి ముఖం చదవలేకపోయానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకే, జరిగింది చెప్పకుండా జాగ్రత్తలు మాత్రం చెప్పాను.”

ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఫ్రిజ్ మీది కాగితానికేసి చూసింది. తన నష్టాన్ని దాచుకుని, ఇంకొకరికి జరగకూడదని, ముక్కూముఖం తెలియని ఇంటికొచ్చి ఓపిగ్గా కూర్చున్నాడు. వీళ్ళు వెనకాల నవ్వారు.

“మీ మేలు మరిచిపోలేమండీ,” అంది. ఈసారి మాట తేలిగ్గానే వచ్చింది.

“అది సరే గానీ, ఒక్క మాట అడుగుతాను,” అన్నాడాయన. “వాడు మీ ఇంట్లో మంచినీళ్ళడిగాడా?”

అత్తయ్య బిక్కచచ్చిపోయి తలూపింది.

“అడిగాడండీ.”

“మా ఇంట్లోనూ అడిగాడు. కారు పోయిన మర్నాడు మేమంతా స్టేషనుకెళ్ళాం. తిరిగొచ్చేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచున్నాయి. వీధి తలుపుకి మాత్రం వేసిన తాళం వేసినట్టే ఉంది.”

ఆమె మెల్లగా తల తిప్పింది. వంటింటి గుమ్మం పక్కన డ్రైవింగ్ స్కూలు నాటి చెక్కపలక వేలాడుతోంది. నాలుగు కొక్కేలు, ఒక్కొక్కదాని కింద ఎర్ర రంగుతో అంకె. ఒకప్పుడు స్కూలు కార్ల తాళాలుండేవి. ఇప్పుడు ఒకటో దానికి కారు, రెండోదానికి స్కూటరు, మూడోదానికి వీధి తలుపు, నాలుగోదానికి పెరటి తలుపు.

ఒకటోది ఖాళీ. కారు తాళం డ్రైవరమ్మ చేతిలో ఉంది.

నాలుగోది కూడా ఖాళీ.

“నేను నీళ్ళకి లోపలికెళ్ళాను,” అంది అత్తయ్య. “వాడిక్కడే నిలబడ్డాడు. రేపు పదింటికి అందరం బ్యాంకుకి పోతున్నామని కూడా నేనే చెప్పాను.”

“ఇప్పుడే తాళం మార్పిస్తాను,” అంటూ కొడుకు చెప్పులేసుకోబోయాడు.

“ఆగరా.” మామయ్యగారి గొంతు. ఇందాక పెద్ద రోడ్డు మీద తెల్లచొక్కావాడి మీద పనిచేసిన గొంతే. “మార్చకు.”

“నాన్నా!”

“తాళం మారిస్తే మన ఇల్లు మిగులుతుంది. ఆయన కారు సంగతి? ఆయన చెప్పకపోతే మనకి ఈ కొక్కెం ఖాళీగా ఉందన్న సంగతే తెలిసేది కాదు. వాడు రావాలి. వస్తేనే దొరుకుతాడు. స్టేషనుకి చెప్పండి, లోపల ఇద్దరిని కూర్చోబెట్టమనండి. మీరంతా పదింటికి బ్యాంకుకి బయల్దేరండి, వీధిలో అందరికీ కనపడేలా. నేనిక్కడ ఉంటాను.”

“డిపోలో రేపు నాకు సెలవే,” అంది డ్రైవరమ్మ, తలుపు దగ్గరి నుంచి.

“మీరు ఇక్కడే ఉంటారా?” ఆమె ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “వాడికి మీ ముఖం తెలుసు మామయ్యగారూ. ఇవాళ డిపోవాళ్ళు మిమ్మల్ని తిరిగి ఇచ్చారు మాకు. రేపు కూడా ఇస్తారని ఎవరు చెప్పారు?”

ఫోన్లోంచి మందుల షాపాయన పిలుస్తున్నాడు. “హలో... అమ్మా, ఉన్నారా? పెద్దాయన ఏమంటున్నారు?”

 అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

“భయపడకమ్మా,” అన్నాడు మామయ్యగారు. బ్రేకు పెడలు ఆయన ఒళ్ళో ఉంది. “నా కాలి కింద బ్రేకుంది.”

ఆమె కిందికి చూసింది. ఆయన కుడికాలు, ఖాళీ నేల మీద, అక్కడేదో ఉన్నట్టే మెల్లగా కిందికి నొక్కుతోంది.